తక్కువ బడ్జెట్‌లో స్కూబా ఫిన్స్ ఎలా ఎంచుకోవాలి? స్పెక్స్ చూసే ముందు మీ పాదం కొలవండి

ఈసారి ఫోన్ లేదు, ఇయర్‌బడ్స్ లేవు. బ్యాటరీ లేని, ఛార్జింగ్ పోర్ట్ లేని, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఎప్పటికీ రాని ఒక గ్యాడ్జెట్ గురించి మాట్లాడుకుందాం. అదే ఫిన్స్. స్కూబా డైవింగ్ చేసేవాళ్లు కాళ్లకు తొడుక్కునే రెక్కలు.

"మనకెందుకు ఇవి? మన దగ్గర సముద్రం ఎక్కడుంది?" అని అడిగే ముందు ఒక్క మాట. మాది బూర్గంపాడు వైపు. ఇంట్లోంచి బయటికొస్తే ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. సముద్రానికి ఇంత దూరంలో ఉన్నాం కాబట్టే ఈ ఆర్టికల్ అవసరం. విశాఖలోనో గోవాలోనో ఉండేవాళ్లు షాపుకెళ్లి తొడుక్కుని చూసి కొంటారు. భద్రాచలంలో ఉన్నవాళ్లు ఫొటో చూసి, స్టార్లు చూసి, ఆర్డర్ పెట్టి దేవుడి మీద భారం వేస్తారు. నేనూ అదే చేశాను. దెబ్బతిన్నాను.

ఇప్పుడు మా పిన్ని కొడుకు బీటెక్ మూడో ఏడాది. వాడికీ డైవింగ్ పిచ్చి పట్టింది. మొన్న నాలుగు లింకులు పంపి, "అక్కా, ఏడు వేలలో ఏది బెస్టో చెప్పు" అన్నాడు. వాడికి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

నా మొదటి ఫిన్స్ కథ

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, నెలలో సగం రోజులు ఇంటి నుంచే. విశాఖలో ఓపెన్ వాటర్ కోర్సుకి డబ్బులు కట్టాక తెలిసిన విషయం ఏంటంటే, కోర్సు ఫీజులోనే ఫిన్స్‌తో సహా సామాన్లన్నీ ఇస్తారు. కానీ నా పాదం చిన్నది, 23.5 సెంటీమీటర్లు. అలాంటి చోట్ల ఎక్కువగా మగవాళ్ల సైజులే ఉంటాయేమో, లూజైతే ఎలా అని భయమేసి ముందుగానే ఆన్‌లైన్‌లో ఒక జత కొనేశాను.

అది చూడ్డానికి అదిరిపోయింది. పొడవాటి బ్లేడ్, మెరిసే నీలం రంగు, పేజీ నిండా "హై స్పీడ్", "ప్రో" అన్న మాటలు, నాలుగు పైన స్టార్లు. సైజు దగ్గర "ఎస్/ఎం" అని మాత్రమే ఉంది. ఫోన్ కొనేటప్పుడు యాంటుటు స్కోరు చూసి మురిసిపోయినట్టే మురిసిపోయాను.

రుషికొండ దగ్గర నీళ్లలో దిగాక పావుగంట బాగానే ఉంది. తర్వాత కుడి పిక్క పట్టేసింది. మామూలుగా పట్టడం కాదు, కాలు రాయైపోయింది. నీళ్లలో అలా జరిగితే మొదట వచ్చేది నొప్పి కాదు, కంగారు. కంగారు పడితే ఊపిరి వేగం పెరుగుతుంది. ఊపిరి పెరిగితే సిలిండర్‌లో గాలి ఖాళీ అవుతుంది. పక్కనే ఉన్న ఇన్‌స్ట్రక్టర్ నా ఫిన్ కొస పట్టుకుని నా వైపు వంచి, పిక్క సాగేదాకా అలాగే ఉంచారు. నిమిషంలో వదిలింది. పైకి వచ్చి గేజ్ చూస్తే మిగతావాళ్ల దగ్గర 120 బార్ ఉంది, నా దగ్గర 80.

మరుసటి రోజు ఆయన ఒక పాత నల్ల రబ్బరు జత ఇచ్చారు. పొట్టిగా, బరువుగా, అందం చందం లేకుండా ఉన్నాయి. బ్లేడ్ మీద గీతలు. కానీ నా కాలికి అతికినట్టు సరిపోయాయి. ఆ రోజు రెండు డైవ్‌లు చేశాను. కాళ్లున్న సంగతే గుర్తు రాలేదు.

నీలం జతని వెనక్కి పంపుదామంటే మా పిన్‌కోడ్‌కి రిటర్న్ పికప్ లేదన్నారు. అవి ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

నేను నేర్చుకున్నది ఒక్కటే. ఫిన్స్‌లో ప్రాసెసర్ బ్లేడ్ కాదు, ఫుట్ పాకెట్. అంటే మీ పాదం దూరే భాగం. అది సరిపోకపోతే ఎంత ఖరీదైన బ్లేడైనా దండగే. అది సరిపోతే చవక బ్లేడ్ కూడా చాలావరకు పని చేసిపెడుతుంది.

ఫిన్ అసలు ఏం చేస్తుంది?

చేపకు తోక ఉంది, పడవకు తెడ్డు ఉంది. మన పాదం చిన్నది, నీళ్లను నెట్టడానికి చాలదు. ఫిన్ ఆ పాదాన్ని పెద్దది చేస్తుంది. కాలు ఊపిన ప్రతిసారీ కొంత నీటిని వెనక్కి నెడతాం, నీరు మనల్ని ముందుకు నెడుతుంది. ఇంటర్‌లో చదివిన న్యూటన్ మూడో నియమం ఇదే.

లూయీ ద కార్లియూ అనే ఫ్రెంచ్ నేవీ అధికారి 1933లో రబ్బరు ఫిన్స్‌కి పేటెంట్ తీసుకున్నారు. తర్వాత అమెరికాలో ఓవెన్ చర్చిల్ అనే ఆయన వాటిని తయారుచేసి అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ డైవర్లు వాడారు. 1965లో స్కూబాప్రో కంపెనీ బ్లేడ్‌లో రంధ్రాలున్న జెట్ ఫిన్ తెచ్చింది. ఆ డిజైన్ ఇంచుమించు అలాగే ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఇన్నేళ్లు నిలిచిన ఫోన్ డిజైన్ ఒక్కటి చెప్పండి చూద్దాం. అంటే ఈ ఏడాది కొత్త మోడల్ కోసం ఆగాల్సిన పని లేదు, పాత మోడల్ కొంటే వెనకబడిపోయేదీ లేదు. బడ్జెట్ తక్కువున్నవాళ్లకు ఇది శుభవార్త.

"హై స్పీడ్" అన్న మాట ఎందుకు నమ్మకూడదు?

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, భయపడకండి.

నీళ్లలో వెళ్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు. మన కాళ్లు పెట్టాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల పవర్ కావాలి. ఇంకోలా చెప్పాలంటే, వేగం 26 శాతం పెంచుకోవడానికే శ్రమ రెట్టింపు అవుతుంది, ఎందుకంటే 1.26 ఘనం ఇంచుమించు 2.

ఆ శ్రమ ఎక్కడి నుంచి వస్తుంది? మన కండరాల నుంచి, మనం పీల్చే గాలి నుంచి. స్కూబాలో సిలిండరే బ్యాటరీ. ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేస్తే ఫోన్ బ్యాటరీ ఎలా కరిగిపోతుందో, స్పీడ్ కోసం కాళ్లు ఆడిస్తే సిలిండర్ అలా కరిగిపోతుంది. మంచి డైవర్లు నెమ్మదిగా వెళ్తారు. కాబట్టి ఫిన్స్‌లో చూడాల్సింది టాప్ స్పీడ్ కాదు, గంటసేపు హాయిగా తన్నగలమా లేదా అన్నది.

నా పిక్క ఎందుకు పట్టేసిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. పొడవాటి పానాతో నట్టు తిప్పితే తేలిగ్గా తిరుగుతుంది కదా. ఫిన్‌లో అదే సూత్రం తిరగబడుతుంది. పానా పట్టుకున్నది నీళ్లు, నట్టు మన చీలమండ. బ్లేడ్ ఎంత పొడవైతే నీటి ఒత్తిడి చీలమండని అంత బలంగా తిప్పుతుంది, దాన్ని ఆపాల్సింది పిక్క కండరం. దానికి తోడు నా ఫుట్ పాకెట్ లూజు. ఫిన్ జారిపోకుండా ప్రతి తన్నుకీ వేళ్లు ముడుచుకుని బిగపట్టాను. పావుగంట బిగపడితే పట్టెయ్యక ఏం చేస్తుంది!

రెండు ప్రధాన రకాలు

ఫుల్ ఫుట్: చెప్పులకు బదులు కట్ షూ ఊహించుకోండి. మడమ దాకా మూసి ఉంటుంది. ఉత్త పాదంతో, లేదా పల్చటి నియోప్రీన్ సాక్స్‌తో తొడుక్కుంటాం. తేలిక, ఖర్చు తక్కువ, బూట్లు కొననక్కర్లేదు. లోపం ఏంటంటే సైజు కచ్చితంగా ఉండాలి, అడ్జస్ట్ చేసుకునే స్ట్రాప్ ఉండదు. పైగా రాళ్ల మీద, వేడి ఇసుక మీద ఉత్త కాళ్లతో నడవాలి. లక్షద్వీప్, అండమాన్ లాంటి వెచ్చటి నీళ్లలో, పడవ నుంచి దిగే డైవ్‌లకు ఇవి చాలు.

ఓపెన్ హీల్: మడమ దగ్గర తెరిచి ఉంటుంది, వెనక స్ట్రాప్ వస్తుంది. ముందు నియోప్రీన్ బూట్ వేసుకుని, దాని మీద ఫిన్ తొడుక్కోవాలి. రబ్బరు స్ట్రాప్‌కి బకిల్ ఉంటుంది. స్ప్రింగ్ స్ట్రాప్ అయితే బకిల్ బాధే లేదు, లాగి వదిలితే అదే బిగుస్తుంది. ఒడ్డు నుంచి నడిచి దిగే చోట, రాళ్లున్న చోట ఇవే మేలు. ఖర్చు మాత్రం రెండు వైపులా ఉంటుంది, ఎందుకంటే బూట్లు విడిగా కొనాలి.

చాలామంది బడ్జెట్ తప్పేది ఇక్కడే. ఫోన్ కొని ఛార్జర్ బాక్సులో లేదని తర్వాత తెలుసుకున్నట్టు, ఓపెన్ హీల్ ఫిన్స్ కొని బూట్లు విడిగా కొనాలని ఇంటికొచ్చాక తెలుసుకుంటారు. అప్పుడు చవక బూట్లు కొంటారు. అవి ఫిన్‌లో దూరవు, లేదా లోపల ఈతకొడతాయి.

ఈ రెండూ కాకుండా బ్లేడ్ మధ్యలో చీలి ఉండే స్ప్లిట్ ఫిన్స్ ఉన్నాయి. కాళ్లకు శ్రమ తక్కువే, కానీ వెనక్కి వెళ్లడానికి, ఉన్నచోటే తిరగడానికి అంత అనువుగా ఉండవు. మొదటి జతగా మామూలు బ్లేడ్ తీసుకోవడమే నయం.

ఇంకో హెచ్చరిక. సెర్చ్‌లో "డైవింగ్ ఫిన్స్" అని కొడితే మూడు రకాల సరుకు కలిసి వస్తుంది: పూల్‌లో ప్రాక్టీస్ చేసే పొట్టి ఫిన్స్, స్నోర్కెలింగ్ ఫిన్స్, ఊపిరి బిగబట్టి చేసే ఫ్రీడైవింగ్ ఫిన్స్. ఫ్రీడైవింగ్ బ్లేడ్ చాలా పొడుగు. పూల్ ఫిన్స్ మరీ పొట్టి, వీపు మీద సిలిండర్ పెట్టుకున్న మనిషిని నెట్టడానికి చాలవు. ప్రోడక్ట్ పేజీలో "స్కూబా" అని స్పష్టంగా ఉందో లేదో చూడండి. నేను చూడలేదు.

ఇంట్లో కూర్చుని సైజు కొలవడం

షాపు దగ్గర్లో లేనివాళ్లకు ఈ ఆర్టికల్లో ముఖ్యమైన భాగం ఇదే.

1. సాయంత్రం కొలవండి. రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది.
2. పాత క్యాలెండర్ కాగితం నేల మీద పరిచి, మడమ గోడకు ఆనించి నిలబడండి. బరువు మొత్తం ఆ కాలి మీద వెయ్యండి.
3. పెన్సిల్ నిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీయండి. అన్నిటికన్నా పొడవున్న వేలి దగ్గర గుర్తు పెట్టండి. కొందరికి అది బొటనవేలు కాదు, పక్క వేలు.
4. గోడ నుంచి ఆ గుర్తు దాకా పొడవు కొలవండి. అన్నిటికన్నా వెడల్పున్న చోట వెడల్పు కూడా రాసుకోండి.
5. రెండో పాదానికీ ఇదే చెయ్యండి. రెండూ ఒకేలా ఉండవు. పెద్దది ఏదైతే అది తీసుకోండి.

ఈ సెంటీమీటర్లను యూరోపియన్ సైజులోకి మార్చడానికి ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది: పాదం పొడవుకి 1.5 కలిపి, వచ్చినదాన్ని 1.5తో హెచ్చించాలి. నా 23.5కి 37.5 వస్తుంది. పాదం 26 అయితే 41.25. ఇది అంచనా మాత్రమే, చివరి మాట ఆ కంపెనీ చార్ట్‌దే. ఎస్, ఎం, ఎల్ అని మాత్రమే ఉండి, ఏ సైజు అంకెలకు ఏది అన్న చార్ట్ లేని పేజీని వెంటనే మూసెయ్యండి. నేను మూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఫుల్ ఫుట్‌లో రెండు సైజుల మధ్య పడితే మరీ బిగుతుదాని జోలికి వెళ్లకండి. కొద్దిగా లూజుగా ఉంటే పల్చటి సాక్స్‌తో సర్దుకోవచ్చు, బిగుతుని ఏమీ చెయ్యలేం. ఓపెన్ హీల్‌లో అయితే ముందు బూట్లు కొని, బూట్లు వేసుకున్న పాదం కొలిచి, ఆ కొలతతో ఫిన్ సైజు చూడండి. ఈ వరస తప్పొద్దు. ముందు బూట్, తర్వాత ఫిన్.

పార్సిల్ వచ్చాక చెయ్యాల్సిన టెస్టులు

పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తియ్యండి. ట్యాగులు కొయ్యొద్దు. దుప్పటి పరిచి దాని మీదే తొడుక్కోండి, బ్లేడ్‌కి గీతలు పడవు.

- వేళ్ల టెస్ట్: వేళ్లు కదలాలి. కొసకి గుద్దుకోకూడదు, ముడుచుకోకూడదు.
- మడమ టెస్ట్: కుర్చీలో కూర్చుని కాలు చాపి, కొంచెం ఎత్తి, పైకీ కిందికీ ఊపండి. మడమ జారితే లూజు. నీళ్లలో ఇంకా జారుతుంది.
- పది నిమిషాల టెస్ట్: తొడుక్కుని పది నిమిషాలు అలాగే కూర్చోండి. పాదం పైభాగంలో ఎక్కడైనా నొక్కుకుపోయి మంట పుడితే, గంటసేపు డైవ్‌లో అక్కడే తోలు లేస్తుంది. తిమ్మిరి ఎక్కితే చాలా బిగుతు.
- వంపు టెస్ట్: ఫిన్ చేత్తో పట్టుకుని బ్లేడ్ కొస నేలకు ఆనించి మెల్లగా నొక్కండి. విల్లులా ఒకే తీరుగా వంగాలి. ఒక్కచోటే మడత పడితే అక్కడ బలహీనం. ఎంత నొక్కినా వంగకపోతే మన కాళ్లకు అది ఎక్కువ.

తొడుక్కుని ఇంట్లో ముందుకు నడవకండి, బ్లేడ్ మడతపడి బోర్లా పడతారు. నడవాల్సి వస్తే వెనక్కి గానీ పక్కకి గానీ నడవాలి. పడవ మీదైనా, ఒడ్డు మీదైనా ఇదే రూలు.

డబ్బు ఎలా పంచుకోవాలి?

మా తమ్ముడి ఏడు వేలనే ఉదాహరణగా తీసుకుందాం. వాడు ఇంకా ఒక్క డైవ్ కూడా చెయ్యలేదు. అందుకే నా మొదటి సలహా: ఇప్పుడు ఫిన్స్ కొనకు.

ఒకసారి చేసి చూద్దాం అనుకునేవాళ్లకు డైవ్ సెంటర్లు సామాన్లన్నీ ఇస్తాయి. తీరా చేశాక చెవి నొప్పి వచ్చిందనో, భయమేసిందనో మానేసేవాళ్లు ఉంటారు. ముందు అద్దె సామాన్లతో కోర్సు చెయ్యండి. అక్కడ రెండు మూడు రకాలు తొడుక్కుని చూసి, ఏది మీ కాలికి నచ్చిందో మోడల్ పేరు, సైజు ఫొటో తీసుకోండి. అది ఉచితంగా దొరికే డెమో యూనిట్. ఏ యూట్యూబ్ రివ్యూ దానికి సాటి రాదు.

కోర్సు మధ్యలో ఏదో ఒకటి కొనాలని చెయ్యి దురద పెడితే, మొదట కొనాల్సింది మాస్క్. ముఖానికి అతకని మాస్క్‌లోకి నీళ్లు కారుతూనే ఉంటాయి. తర్వాత బూట్లు. ఆ తర్వాతే ఫిన్స్.

ఫిన్స్ దాకా వచ్చాక లెక్క ఇలా వేసుకోండి. ఓపెన్ హీల్ అయితే మొత్తంలో మూడో వంతు బూట్లకి పక్కన పెట్టండి, మిగతా రెండు వంతులు ఫిన్స్‌కి, షిప్పింగ్‌కి. ఆ డబ్బుకి మంచిది దొరకకపోతే ఫుల్ ఫుట్‌కి మారండి. బూట్ల డబ్బు మిగులుతుంది కాబట్టి అదే బడ్జెట్‌లో ఒక మెట్టు పై రకం వస్తుంది. డెకథ్లాన్ వాళ్ల సుబియా రకాలు హైదరాబాద్ షాపుల్లో కనిపిస్తే వెళ్లి తొడుక్కుని చూడండి, బస్సు ఖర్చు గిట్టుబాటవుతుంది. క్రెస్సీ, మారెస్ లాంటి ఇటలీ కంపెనీలకు ప్రారంభ స్థాయి మోడళ్లున్నాయి. ధరలు సీజన్‌ని బట్టి మారతాయి కాబట్టి ఇక్కడ అంకెలు రాయడం లేదు.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా? ఫోన్‌తో పోలిస్తే నిశ్చింతగా కొనొచ్చు, లోపల కనపడని పార్టులేమీ లేవు. నాలుగు చోట్ల చూడండి: ఫుట్ పాకెట్ బ్లేడ్‌తో కలిసే చోట పగుళ్లు, స్ట్రాప్‌ని లాగితే కనిపించే సన్న చీలికలు, బకిల్ క్లిక్, బ్లేడ్ వంకర. స్ట్రాప్ ఒక్కటే పాడైతే కొత్తది వేసుకోవచ్చు. పాకెట్ పగిలితే వదిలెయ్యండి.

బరువు కూడా ఖర్చే. ఖమ్మం నుంచి విశాఖకి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే ఎంత బరువైనా పర్వాలేదు. అండమాన్‌కి విమానంలో వెళ్లాలంటే బరువు రబ్బరు ఫిన్స్ మీ లగేజీ కోటాలో పెద్ద వాటా తినేస్తాయి. పొడుగు కూడా సూట్‌కేస్‌తో కొలిచి చూసుకోండి.

పిక్క పట్టేస్తే

ఫిన్స్ సరిగ్గా ఉన్నా ఎప్పుడో ఒకసారి పట్టేస్తుంది. తన్నడం ఆపండి. బడ్డీకి సైగ చెయ్యండి. చేత్తో ఫిన్ కొస పట్టుకుని మోకాలి వైపు లాగుతూ కాలు మెల్లగా చాపండి. పిక్క సాగుతుంది. ఊపిరి నిదానంగా తీసుకోండి, స్కూబాలో ఊపిరి బిగపట్టడం ఎప్పుడూ కూడదు. వదిలాక తన్ను మార్చండి. కత్తెరలా పైకీ కిందికీ తన్నేదాన్ని ఆపి, కప్ప ఈదినట్టు పక్కలకు తన్నితే వేరే కండరాలు పని చేస్తాయి, అడుగున ఉన్న ఒండ్రు కూడా లేవదు. ఇవన్నీ కోర్సులో నేర్పుతారు. ఆ రోజు నాకు కంగారులో ఒక్కటీ గుర్తు రాలేదు. అందుకే పూల్‌లో పదిసార్లు ప్రాక్టీస్ చెయ్యమంటున్నాను.

మన నీళ్ల గురించి ఒక మాట

మా తమ్ముడు లింకులు పంపిన రోజు ఇంకో మాట కూడా అన్నాడు. "ఫిన్స్ ఉంటే వరదప్పుడు ఎవరినైనా కాపాడొచ్చు కదక్కా."

వాడు ఎందుకన్నాడో నాకు తెలుసు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా మండలంలో ఊళ్లకు ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. ఏమీ చెయ్యలేకుండా మేడ మీద నిలబడి చూసినవాళ్లలో వాడూ ఒకడు.

అయినా లెక్క లెక్కే. ఫిన్స్ తొడుక్కున్న మామూలు డైవర్ ఎక్కువసేపు ఈదగలిగే వేగం మహా అయితే ఒక నాట్, అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. మనం రోడ్డు మీద తాపీగా నడిచినా ఇంతకన్నా వేగంగానే వెళ్తాం. ఆ జూలైలో గోదావరిలో పారింది సెకనుకి దాదాపు 24 లక్షల ఘనపుటడుగుల నీళ్లు. ఆ ప్రవాహానికి ఎదురు ఈదగలిగే ఫిన్ ఏ కంపెనీ తయారు చెయ్యలేదు, చెయ్యలేదు కూడా. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు, శిక్షణ ఉన్న డైవర్లకే ఆ లోతు, ఆ సుడులు పెద్ద అడ్డంకి అయ్యాయి. చివరికి ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబర్ 22న పడవను బయటికి లాగింది తాళ్లతో, లంగర్లతో, ఓపికతో. కాళ్లకు తొడుక్కునే రెక్కలతో కాదు.

కాబట్టి గోదావరిలో గానీ మున్నేరులో గానీ ఫిన్స్ ట్రై చెయ్యొద్దు. "కిన్నెరసాని రిజర్వాయర్ నిలవ నీళ్లే కదా" అంటారేమో, అందులో మొసళ్లున్నాయి, అది అభయారణ్యం కూడా. కొత్త ఫిన్స్‌కి పూలే టెస్ట్ బెంచ్. తర్వాత సముద్రం, అదీ ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా.

కొన్నాక జాగ్రత్తలు

డైవ్ అయ్యాక మంచినీళ్లతో కడగండి. నీడలో ఆరబెట్టండి. ఎండలో, కారు డిక్కీలో వదిలేస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది. బ్లేడ్ కొస మీద నిలబెట్టి గోడకు ఆనించొద్దు, ఆ వంపు అలాగే ఉండిపోతుంది. పడుకోబెట్టండి. కొత్తవి కొన్నప్పుడు పాకెట్‌లో వచ్చే ప్లాస్టిక్ అచ్చుని పారెయ్యొద్దు, దాచేటప్పుడు అదే లోపల పెడితే ఆకారం చెడదు.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడు క్యాలెండర్ వెనక పాదం గీసి ఫొటో పంపాడు. కుడి పాదం 26.1, ఎడమ పాదం 26.6. పంపిన నాలుగు లింకుల్లో మూడింటికి సైజు చార్టే లేదు. నాలుగోది ఫ్రీడైవింగ్ ఫిన్. ఏడు వేలూ అలాగే దాచుకుని, కోర్సు ఫీజులో కలుపుకుంటానన్నాడు. డిసెంబర్ సెలవుల్లో విశాఖ వెళ్తున్నాడు. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాడట.

వాడి కోసం అటక మీద నీలం జత దించి చూశాను. వాడికీ పట్టవు.